హిట్టా, ఫ్లాపా? మన ఫ్యాన్స్ గొడవ అసలు దేని గురించి?

ఈ రోజు టాపిక్ కొంచెం డేంజర్. మన హీరోలు, మన సినిమాలు, మన గొడవలు. ముందే చెప్పేస్తున్నా, ఏ హీరో గొప్పో ఈ వీడియోలో తేల్చట్లేదు. తేల్చానంటే రేపటి నుంచి నేను బయట తిరగలేను.

నా డౌట్ వేరే. ఒకే సినిమా చూసొచ్చిన ఇద్దరు ఫ్రెండ్స్‌లో ఒకడు బ్లాక్‌బస్టర్ అంటాడు, ఇంకొకడు డిజాస్టర్ అంటాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అదెలా?

మొదటి కారణం, "హిట్" అనే మాట ఒకటే, అర్థాలు రెండు. ట్రేడ్ వాళ్లకి హిట్ అంటే ప్యూర్ లెక్క. డిస్ట్రిబ్యూటర్లు నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాల వారీగా సినిమా కొంటారు. మనం టికెట్లకి పెట్టిన డబ్బు మొత్తం గ్రాస్. అందులో ట్యాక్స్ పోయి, థియేటర్ ఖర్చు పోయి, చివరికి డిస్ట్రిబ్యూటర్ చేతికొచ్చేది షేర్. ఆ షేర్ తను పెట్టిన డబ్బుని దాటితేనే హిట్.

ఉదాహరణకి, ఒక పెద్ద సినిమాని 40 కోట్లకి అమ్మారు, 30 కోట్ల షేర్ వచ్చింది అనుకోండి. ఫ్లాప్. ఒక చిన్న సినిమాని 4 కోట్లకి అమ్మారు, 8 కోట్లు వచ్చింది. సూపర్ హిట్. కానీ ఎక్కువ మంది చూసింది ఏది? ఆ ఫ్లాపే! ఇప్పుడు ఒక ఫ్యాన్ పోస్టర్ మీద ఉన్న గ్రాస్ చూపిస్తాడు, ఇంకొకడు షేర్ చూపిస్తాడు. ఇద్దరూ వేర్వేరు కాలమ్స్ చదువుతూ తెల్లారేదాకా కొట్టుకుంటారు. పైగా సినిమా బాగుందా లేదా అన్నది ఈ రెండు కాలమ్స్‌లోనూ లేదు.

రెండో కారణం టైమ్. 2010 తీసుకోండి. ఆ ఏడాది అక్టోబర్‌లో త్రివిక్రమ్, మహేష్ బాబుల ఖలేజా వచ్చింది, నవంబర్‌లో రామ్ చరణ్ ఆరెంజ్. రెండూ థియేటర్లలో నిలబడలేదు. కానీ టీవీలో ఖలేజా వస్తే ఛానల్ మార్చేవాళ్లు ఎంతమంది? ప్రేమ జీవితాంతం ఒకేలా ఉండదు అని హీరో చెప్తే 2010లో చాలామందికి ఎక్కలేదు. 2023లో రీరిలీజ్ చేస్తే కుర్రాళ్లు థియేటర్లో పాటలన్నీ నోటికి పాడారు. సినిమాలో ఒక్క ఫ్రేమ్ మారలేదు, చూసేవాళ్లు మారారు. అలాగని ఆ రోజు నచ్చలేదన్నవాళ్లు తప్పు కాదు. ఖలేజా అంటే ఇంకో పోకిరి అనుకుని వెళ్లినవాడికి వేరే రకం మహేష్ కనిపించాడు, అంతే.

మూడోది, ఎక్కడ చూశాం అన్నది. సాఫ్ట్‌వేర్‌లో మాకొక ఫేమస్ డైలాగ్ ఉంది, "నా సిస్టమ్‌లో పనిచేస్తోంది కదా" అని. టెస్టర్ దగ్గర మాత్రం క్రాష్ అవుతుంది. సినిమా కూడా అంతే. తెల్లవారుజామున బెనిఫిట్ షోలో పేపర్లు ఎగరేస్తూ చూసినవాడి సినిమా వేరు, మూడు వారాల తర్వాత బస్సులో ఫోన్ పెట్టుకుని, పాటలు స్కిప్ చేస్తూ చూసినవాడి సినిమా వేరు.

ఇక నాలుగోది. ఇదే అసలు మ్యాటర్. మనం వాదించేది సినిమా గురించి కాదు, మన గురించి. 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చింది. మరుసటి ఏడాది నాటు నాటు ఆస్కార్ కొట్టింది. ఇద్దరి కాళ్లూ ఒకేసారి పడటమే ఆ పాట అందం. మనవాళ్లు ఏం చేశారు? పాట పాజ్ చేసి మరీ, ఎవరి స్టెప్ బాగుందని కొట్టుకున్నారు! హీరోని ఎవరైనా తక్కువ చేస్తే మన ఇంట్లోవాళ్లని అన్నట్టు ఫీలవుతాం. పదేళ్ల వయసులో ఫస్ట్ టైమ్ విజిల్ వేసింది ఆయన కోసమే కదా. ఆ ప్రేమని నేను వెక్కిరించను, నాకూ ఉంది.

కానీ ఆ ప్రేమకి లిమిట్ లేకపోతే ఏమవుతుందో కూడా చూశాం. 2020 సెప్టెంబర్‌లో కుప్పం దగ్గర పవన్ కళ్యాణ్ పుట్టినరోజు బ్యానర్ కడుతూ కరెంట్ షాక్‌తో ముగ్గురు పోయారు. 2023 జులైలో నరసరావుపేట దగ్గర సూర్య బ్యానర్ కడుతూ ఇద్దరు స్టూడెంట్స్. 2024 డిసెంబర్ 4న హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర పుష్ప 2 ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. ఏ హీరో కూడా నాకోసం ప్రాణమివ్వండి అని అడగలేదు. బ్యానర్ ఒక అడుగు తగ్గితే హీరో తగ్గిపోడు. కొడుకు ఇంటికి రాకపోతే ఆ ఇల్లు మళ్లీ లేవదు.

కాబట్టి నెక్స్ట్ టైమ్ గొడవ మొదలైతే ఒక్క ప్రశ్న అడగండి: "బ్రో, నువ్వు కలెక్షన్ గురించి మాట్లాడుతున్నావా, సినిమా గురించా, హీరో గురించా?" సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. మిగతా సగం ఉండనివ్వండి, అవి లేకపోతే మన టీ బ్రేకులకి మజా ఏముంది?

మీకో చిన్న ఛాలెంజ్. మీరు ఫ్యాన్ కాని హీరో సినిమాలో మీకు బాగా నచ్చిన ఒక్క సీన్ రాయండి. ఎందుకు నచ్చిందో కూడా రాయాలి, "కానీ మా హీరో అయితేనా" అనే మాట మాత్రం రాకూడదు. రాయగలరా? చూద్దాం. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!