యంత్రానికి టచ్ స్క్రీన్: ఎంపిక, రూపకల్పన



ఏటీఎంలో, సెల్‌ఫోన్‌లో టచ్ స్క్రీన్ మీకు పరిచయమే. అదే స్క్రీన్‌ను ఒక యంత్రానికి అమర్చవలసి వస్తే ఏ రకం ఎంచుకోవాలి? దాని మీద ఏమేమి ఉంచాలి? ఇదే ఈనాటి మన పాఠం.

అండమాన్ నికోబార్ దీవులను ఉదాహరణగా తీసుకుందాం. ప్రధాన భూభాగం నుంచి అక్కడికి విద్యుత్ లైన్లు లేవు. కరెంటులో ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లే ఇస్తాయి. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన, గాలిలో ఉప్పు తేమ. జనరేటర్ ఆపరేటరు చేతులకు గ్లోవ్స్ ఉండవచ్చు, ఆయిల్ అంటి ఉండవచ్చు.

టచ్ స్క్రీన్లు ముఖ్యంగా రెండు రకాలు. రెసిస్టివ్ రకంలో రెండు వాహక పొరల మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. నొక్కినచోట పొరలు కలుస్తాయి. అక్కడి వోల్టేజిని బట్టి స్థానం తెలుస్తుంది. కనుక గ్లోవ్స్‌తో నొక్కినా పనిచేస్తుంది. అయితే ప్లాస్టిక్ పైపొర గీతలు పడి అరుగుతుంది. కెపాసిటివ్ రకంలో గాజు కింది విద్యుత్ క్షేత్రాన్ని మన వేలు మారుస్తుంది. గాజు మన్నికైనదే. కాని మందపాటి గ్లోవ్స్‌ను అది గుర్తించకపోవచ్చు. ఉప్పునీరు వాహకం కాబట్టి నీటి చుక్కను వేలుగా పొరబడవచ్చు. ఈ ఇబ్బందులను తట్టుకొనే రకాలూ ఉన్నాయి, పరీక్షించి కొనాలి. ఐపీ 65 అన్న గుర్తు ఉంటే, దుమ్ము చొరబడదనీ, నీటి ధారను తట్టుకుంటుందనీ అర్థం.

ఇక రూపకల్పన. బటన్లు పెద్దవిగా, ఎడంగా ఉండాలి. నేపథ్యం బూడిదరంగులో ఉంచి, ఎరుపును ప్రమాద సూచనకే వాడాలి. రంగులు పోల్చుకోలేనివారి కోసం అక్షరాలు కూడా ఉండాలి. అత్యవసరంగా ఆపే బటన్ మాత్రం స్క్రీన్ మీద చాలదు. వేరే వైరింగుతో, చూడకుండానే చేతికి అందేలా విడిగా ఉండాలి.

ఇంత జాగ్రత్త ఎందుకు? గ్రేట్ నికోబార్ సమీపంగా సాగే ఓడల దారి మలక్కా మీదుగా సింగపూర్ చేరుతుంది. ఆ సింగపూర్ దగ్గర 2017 ఆగస్టు 21న అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెక్‌కెయిన్ ఒక ట్యాంకరును ఢీకొంది. 10 మంది నావికులు మరణించారు. చుక్కాని అదుపు ఒక టచ్ స్క్రీన్ స్థానం నుంచి మరొకదానికి మారిన సంగతి సిబ్బంది గ్రహించలేదు. చుక్కానే పనిచేయడం లేదనుకున్నారు. శిక్షణ లోపమూ ఒక కారణమే. వేగాన్ని నియంత్రించడానికి మళ్ళీ చేతి లీవర్లే అమర్చాలని ఆ నౌకాదళం 2019లో నిర్ణయించింది.

ఇప్పుడు మీరొక పని చేయండి. మీ ఊరి రైస్ మిల్లులోనో, పంపుహౌసులోనో ఆపరేటరు పనిని అనుమతితో, దూరంగా నిలబడి గమనించండి. ఆయనకు కావలసిన స్క్రీన్‌ను కాగితంపై గీసి ఆయనకే చూపండి. ఎక్కడ ఆయన వేలు తడబడుతుందో, అక్కడ మీ బొమ్మను దిద్దుకోండి.