డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనా పత్రములు



ఆసుపత్రి పనిలోనున్న మమ్ములను వైద్య విషయమేదైన చెప్పుమని కోరిరి. మేము ఒక మనిషి ప్రచురించిన పత్రములను గూర్చి చెప్పదలచితిమి. 1895లో భీమవరములో జన్మించి, 1948లో అమెరికాలో కన్నుమూసిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మీరందరు వినియున్నారు. ఆయన పత్రములు చదివినవారు మాత్రము వైద్యులలో కూడ అరుదు.

ముందు జబ్బు సంగతి. మనవారు గ్రహణి అని పిలుచు వ్యాధులలో స్ప్రూ ఒకటి. తిన్నది వంటబట్టదు. నెలల తరబడి విరేచనములు, నోటిపూత, కారము తగిలిన నాలుక మంట. రక్తము క్షీణించి మనిషి పుల్లవలె అగును. సుబ్బారావు గారి సోదరులిద్దరు కొద్ది దినముల తేడాతో పోయిరి. పిమ్మట ఆయననే స్ప్రూ పట్టుకొన్నది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి బయటపడిరి. ఆ మందులో ఏమున్నదో తెలిసికొనవలెనను పట్టుదల అక్కడనే పుట్టినదని మా ఊహ.

హార్వర్డులో సైరస్ ఫిస్కే వద్ద చేరి, 1925లో రక్తములోను మూత్రములోను భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ పరీక్ష ప్రపంచమంతట ప్రయోగశాలలలో దశాబ్దములు నడిచినది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కండరములలోను కాలేయములోను ఉండు భాస్వర సంయోగములను గూర్చిన పత్రము వెలువడినవి. ఈ చివరిదే ఏ.టి.పి.ని తెలిపిన పత్రము. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. మూడు పత్రములలోను ఫిస్కే పేరు ముందు, సుబ్బారావు గారి పేరు వెనుక.

తరువాత ఆయన కాలేయముపై పడిరి. పెర్నిషస్ అనీమియా రోగికి కాలేయము తినిపించిన కోలుకొనునని 1926లో మైనాట్, మర్ఫీ చూపిరి. వారికి 1934లో విపుల్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చినది. కాని కాలేయములో పనిచేయుచున్నదేది? ఇంతలో బొంబాయిలో లూసీ విల్స్ అను వైద్యురాలు, గర్భిణీ స్త్రీల రక్తహీనత ఈస్టు సారముతో నయమగుచున్నదని 1931లో వ్రాసినది. అందలి పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది.

1940లో సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి, కొలదికాలములోనే పరిశోధనాధిపతి అయిరి. ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. దాని నిర్మాణమును తెలిపిన 1946 నాటి పత్రముపై పదునారుగురి పేర్లున్నవి. అధిపతి పేరు ఏడవది! టామ్ స్పైస్, విలియం డార్బీ మొదలగు వైద్యులు ఆ మందును స్ప్రూ రోగులకిచ్చి చూచిరి. నాలుక మానినది, ఆకలి పుట్టినది, రక్తము పట్టినది.

1948లో ఆయన విభాగమునుండియే ఆరియోమైసిన్ వెలువడినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. ఆ పత్రముపై డగ్గర్ పేరొక్కటే ఉన్నది. అది అచ్చగునప్పటికి సుబ్బారావు గారు లేరు.

నేడు పదోన్నతికి పత్రములు లెక్కించుచున్నారు. ఎవరి పేరు ముందో, ఎవరిది వెనుకనో చూచుచున్నారు. ఆ లెక్కలో సుబ్బారావు గారు సామాన్యుడే అగును. మేమైతే మరొక లెక్క చూచుచున్నాము. స్ప్రూకు నేటికిని ఇచ్చు చికిత్స ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిన్. రెండును నెలల తరబడి వాడవలెను. ఒకటి ఆయన పేరు ఏడవదిగానున్న పత్రమునుండి, రెండవది ఆయన పేరే లేని పత్రమునుండి వచ్చినవి.

స్ప్రూకు మూలకారణము ఇంకను పూర్తిగా తేలలేదు. మనకు పరిచితమైన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో బేకర్, మాథన్ గారలు దక్షిణ భారత గ్రామములలో ఈ జబ్బు ఊరూరికి ప్రాకుటను పరిశోధించి, 1968లో ప్రకటించిరి.

మన నర్సులకును, మందులిచ్చువారికిని ఒక్క మనవి. ఫోలిక్ ఆమ్లపు బిళ్ల చవుక, దొరకుట సులభము. కాని రోగికి బి12 విటమిను లోపమున్నప్పుడు ఇదొక్కటే ఇచ్చిన రక్తము బాగుపడినట్లు కనిపించును, లోలోపల నరములు చెడుచుండును. కాళ్లు తిమ్మిరి, నడకలో తూలు అని రోగి చెప్పిన, బిళ్లలు చేతికీయక వైద్యుని యొద్దకు పంపుడు.