నక్షత్రముల జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



భారత భాగవతములు చదువుకొని, గ్రామపు లెక్కలు వ్రాసికొనువానికి నక్షత్రములతో పని యేమని కొందఱు మిత్రులు నన్నడిగిరి. నక్షత్రముల కథయు లెక్కల కథయే కనుక చెప్ప సాహసించుచున్నాను. జమకును ఖర్చునకును పొత్తు కుదరనప్పుడు తప్పిన పైస యెక్కడ నున్నదో వెదకుట మా వృత్తి. సూర్యుని విషయమున శాస్త్రజ్ఞులు చేసినదియు అదియే.

ఈ కథలో తొలి ఘట్టము మన తెలుగునేలపైననే జరిగినది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టెను. దానిని చూచుటకై ఫ్రాన్సు దేశీయుడగు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నమున నిలిచెను. ఆ వేధశాలలోనే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచారి మన వనపర్తికి వచ్చెను. సూర్యబింబపు అంచున లేచిన జ్వాలల వెలుగును పట్టకముతో విడదీయగా అందొక పసుపు గీత కనబడెను. తొలుత అది సోడియముదని తలచిరి. ఆ యేడు అక్టోబరులో ఇంగ్లండున లాకియర్ ఆ గీతను పరీక్షించి, అది సోడియము గీత యుండవలసిన చోట లేదని గుర్తించెను. భూమిపై నెవరును చూడని ఆ మూలకమునకు గ్రీకు భాషలోని సూర్యుని పేరిట హీలియమను పేరు వచ్చెను. 1895లో రామ్సే దానిని యురేనియముగల యొక ఖనిజమునుండి పట్టి చూపెను.

ఇక లెక్కకు వత్తము. సూర్యుడు ఏ యింధనముతో వెలుగుచున్నాడు? బొగ్గువలె మండుచున్నచో కొన్ని వేల యేండ్లకే ఆఱిపోవును. తన బరువునకు తాను క్రుంగుచు వేడెక్కుచున్నాడన్నచో కొన్ని కోట్ల యేండ్లు గడుచును. కాని సౌరకుటుంబపు వయస్సు సుమారు 460 కోట్ల యేండ్లని ఉల్కాశిలలు సాక్ష్యమిచ్చుచున్నవి. పద్దు కుదరలేదు.

ఆ చిక్కు ముడి విప్పినది కేంద్రకశాస్త్రము. నాలుగు ఉదజని పరమాణువుల బరువు కంటె ఒక హీలియము పరమాణువు బరువు కొంచెము తక్కువని ఆస్టన్ తూచి చెప్పెను. వేయి తులముల ఉదజని హీలియముగా మారినచో సుమారు 993 తులములే తేలును. తక్కిన ఏడు తులములు ఏమైనవి? ద్రవ్యమే శక్తిగా మారునని ఐన్‌స్టీన్ 1905లోనే చెప్పియుండెను. ఆ తరుగే సూర్యుని వెలుగు కావచ్చునని ఎడింగ్టన్ 1920లో సూచించెను. ఉదజని హీలియముగా మారు క్రమమును బేతే 1939లో అంచెలంచెలుగా వివరించెను. సూర్యునిలో క్షణక్షణము సుమారు 60 కోట్ల టన్నుల ఉదజని హీలియమగుచున్నది; 40 లక్షల టన్నులకు పైబడిన ద్రవ్యము శక్తియై వెలువడుచున్నది. మన వరిచేలపై పడు ఎండ ఆ తరుగులోనిదే.

హీలియము తరువాత కర్బనము పుట్టవలెను. ఇక్కడ మఱియొక చిక్కు. రెండు హీలియము కేంద్రకములు కూడినచో, ఱెప్పపాటులో కోటవ వంతైనను నిలువక విడిపోవును. ఆ లోపుగనే మూడవది వచ్చి చేరవలెను. కర్బన కేంద్రకమునకు ఒకానొక శక్తిస్థాయి యున్నగాని ఇది తగినంతగా జరుగదని హాయిల్ 1953లో వాదించెను. కాలిఫోర్నియాలోని ప్రయోగశాలలో వెదకగా ఆ స్థాయి ఆయన చెప్పిన చోటనే దొరికెను! నక్షత్రమును చూచి చెప్పిన మాటకు భూమిమీది యంత్రము సాక్ష్యము పలికినది. ఇంతకంటె గొప్ప పద్దు తనిఖీ నేనెఱుగను.

ఇట్లు కూడికలు సాగి, పెద్ద నక్షత్రముల గర్భమున ఇనుము వఱకు మూలకములు పుట్టును. ఇనుము వద్ద లాభము ముగియును. దానిని కూర్చినను శక్తి రాదు. అప్పుడు గర్భము కుప్పగూలి, నక్షత్రము ప్రేలి, తాను కూడబెట్టినదానిలో చాల భాగమును ఆకాశమున వెదజల్లును. ఇనుముకంటె బరువైనవానిలో పెక్కు, కేంద్రకములు న్యూట్రాన్లను మ్రింగి, బీటా కిరణమును విడిచి, తరువాతి మూలకములుగా మాఱుటవలన కలుగును. 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హాయిల్ కలసి ఈ వృత్తాంతమునంతయు ఒక పెద్ద వ్యాసముగా కూర్చిరి. 2017 ఆగస్టు 17వ తేదీన రెండు న్యూట్రాన్ నక్షత్రములు ఢీకొనిన సంఘటనను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. బంగారమువంటి బరువైన మూలకములు అట్టి తాకిడులలో పుట్టుననుటకు నాటి వెలుగు బలమైన ఆధారమైనది.

రుద్రదేవుడు 1163లో కట్టించిన హనుమకొండ వేయిస్తంభముల గుడి నల్లరాతిలోని ఇనుమును, మన నాగటి కఱ్ఱునందలి ఇనుమును, మన నెత్తుటిలోని ఇనుమును ఒక్క వంశమువే. నక్షత్రగర్భమునకు కులము లేదు. ఎవరి నెత్తుటికిని వేఱు ఇనుము చేయలేదు.

ఇదంతయు పూర్వులెఱిగినదే యని తృప్తిపడువారు కలరు. పూర్వులయందు నాకును భక్తి కలదు. వారు గొప్ప ప్రశ్నలు వేసిరి. ఐనను ప్రశ్న వేఱు, తూచి తేల్చిన జవాబు వేఱు. పశ్చిమగోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో పుట్టిన స్వామి జ్ఞానానంద సన్యాసి యయ్యును, వేదాంతముతో తనివిచెందక ఐరోపాకు పోయి బీటా కిరణములను కొలుచు విద్య నభ్యసించెను. తిరిగివచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పెను. కాషాయము కట్టినవాడు కొలతకు వెనుదీయలేదు. మన మేల వెనుదీయవలెను?

కనుక నాదొక మనవి. మన గ్రంథాలయమున కావ్యపురాణముల పుటలు చేతులు తగిలి నలిగిపోయినవి, అది సంతోషమే. శాస్త్రగ్రంథముల పుటలు మాత్రము కొత్తగనే యున్నవి. ఆ గ్రంథములను పెంచుడు. బాలికలచేతను బాలురచేతను చదివింపుడు. గుంటూరు, మచిలీపట్నము, వనపర్తుల పైన ఒకే గ్రహణము పట్టెను. ఎందఱో చూచిరి, కొందఱే కొలిచిరి. రాబోవు ఆ కొందఱిలో మన యూరి బిడ్డ యొకతె యైనను ఉండవలెను.

గ్రంథాలయము కలకాలము వర్ధిల్లుగాక!