జిడ్డు గుంట ఎవరి పని?

(హోటల్ పనివారి సమస్యలపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హోటల్ అనగానే మనకు వంటమాస్టరు, సర్వరు, గల్లాపెట్టె దగ్గర యజమాని గుర్తొస్తారు. గిన్నెలు తోమే స్త్రీ వెనక ఎక్కడో ఉంటుంది. ఆమె తోమే సింకు కిందో, పెరట్లో బండ కిందో గ్రీజ్ ట్రాప్ ఉంటుంది. మన మాటల్లో చెప్పాలంటే జిడ్డు గుంట. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

గిన్నెలు కడిగిన నీళ్ళు అందులో కాసేపు నిలుస్తాయి. చల్లారిన నూనె, నెయ్యి పైకి తేలతాయి. మెతుకులు, ముక్కలు అడుక్కి దిగుతాయి. మధ్యనున్న నీరు డ్రైనేజీలోకి పోతుంది. పైన జిడ్డూ అడుగున మడ్డీ కలిసి లోతులో నాలుగోవంతుకు చేరేలోపు తీసెయ్యాలన్నది వాడుకలో ఉన్న లెక్క. నెలల తరబడి వదిలేస్తే అదంతా మురిగి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. మోతాదు పెరిగితే ఆ వాయువు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. అందుకే 'వాసన తగ్గింది, ఇక దిగొచ్చు' అనుకోవడం ప్రాణాంతకం.

ఈ పని ఎవరిది? హైదరాబాదులో హోటల్ వంటగదుల్లో చేసే స్త్రీలను మీ పనేమిటని అడిగితే 'గిన్నెలమ్మా' అన్నారు. గుంట సంగతి అడిగితే 'అదీ గిన్నెల్లోదే కదా' అన్నారు. సింకు కింద చిన్న పెట్టె అయితే ఆమే తీస్తుంది, విడిగా పైసా రాదు. పెరట్లో లోతైన గుంట అయితే బయటి నుంచి మగమనిషిని పిలిపించి కూలి ఇస్తారు. అతను ఏ కులంవాడో మీకు చెప్పనక్కర్లేదు. జిడ్డు అదే, కంపు అదే. స్త్రీ చేస్తే ఇంటిచాకిరీకి కొనసాగింపు, దళిత పురుషుడు చేస్తే కులవృత్తి. ఇద్దరి శ్రమకూ నైపుణ్యమన్న పేరు లేదు, భద్రతా లేదు.

చట్టం ఏమంటోంది? మురుగుకాల్వలనూ సెప్టిక్ ట్యాంకులనూ రక్షణ సామగ్రి లేకుండా మనుషులతో శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. 1993 నుంచి ఈ పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 2023లో 30 లక్షలు చేసింది. ఇవి పోరాడి సాధించుకున్నవి. అయితే ఆ చట్టం కాల్వనూ ట్యాంకునూ మానవ మలంతో ముడిపెట్టి నిర్వచించింది. వంటింటి నీళ్ళే చేరే గుంటకు అందులో పేరు లేదు. ప్రమాదం జరిగితే 'ఇది సెప్టిక్ ట్యాంకు కాదు' అని యజమాని వాదించే సందు ఉంది. విషవాయువుకు మాత్రం ఆ తేడా తెలియదు.

కనుక మనం అడగాల్సినవి మూడు. ఒకటి, ఈ పనికి పేరు పెట్టి, ఎన్నిరోజులకోసారి, ఎంత కూలికి అన్నది రాతలో ఉండాలి. రెండు, సింకు కింది పెట్టెను నిండకముందే, చేతితొడుగులిచ్చి, పని వేళల్లోనే తీయించాలి. ఎంగిలి ముందే బుట్టలోకి, వాడిన నూనె డబ్బాలోకి పోవాలి. వేణ్ణీళ్ళు పోస్తే జిడ్డు పోదు, వీధి డ్రైనేజీలో మళ్ళీ గడ్డకట్టి ఇంకొకరి నెత్తిన పడుతుంది. మూడు, లోతైన గుంటలోకి ఎవరూ దిగకూడదు. పీల్చే యంత్రమున్న ట్యాంకరే రావాలి. దిగేవాడికి మాస్కు ఇస్తామంటే మనం ఒప్పుకోకూడదు.

యజమానులతో వేతనాల చర్చకు కూర్చున్నప్పుడు గిన్నెల రేటు తేలగానే లేచి రాకండి. గుంట మూత ఎవరు తెరుస్తున్నారో అడగండి. వాళ్ళిచ్చిన జవాబును కాగితం మీద రాయించుకోండి.