‘సుగాత సాన్షిరో’ - తొలిసారి చూచువారికి



ద్వంద్వయుద్ధముల చలనచిత్రమనగానే చూడవచ్చినవాడు దెబ్బలను లెక్కించుటకు సిద్ధపడి కూర్చుండును. జపాను దేశమున 1943లో వెలువడిన ‘సుగాత సాన్షిరో’ను తొలిసారి చూచువాడు మాత్రము కొంతసేపటికే ఆ లెక్క మరచిపోవును.

అకీరా కురోసావా దర్శకత్వము వహించిన మొదటి చిత్రమిది. త్సునేయో తోమితా వ్రాసిన నవల దీనికి మూలము. ఆ నవలాకారుని తండ్రి, జూడో విద్యకు స్థాపకుడైన జిగోరో కానోకు తొలి శిష్యులలో నొకడు. కానో 1882లో తోక్యో నగరమందలి యొక బౌద్ధాలయమున తన పాఠశాలను నెలకొల్పెను. అంతకు పూర్వమున్న జుజుత్సు అను కుస్తీ విద్యనుండియే జూడో పుట్టినది. జూడో యనగా మృదుమార్గము. ఎదిరివాని బలమునే ఆధారముగా గొని వానిని పడవేయుట యందలి మెలకువ.

కథయు 1882లోనే మొదలగును. జుజుత్సు నేర్వవచ్చిన సాన్షిరో యను యువకుడు, తాను చేరిన గురువును, అతని అనుచరులును ఒక రాత్రి ఏటియొడ్డున యానో యను జూడో గురువుపై బడుట చూచును. యానో వారి నొక్కొక్కరినే నీటిలోనికి విసరివేయును. రిక్షావాడు పారిపోగా, సాన్షిరో పాంకోళ్ళు విడిచి, యానోను శిష్యభావముతో రిక్షాలో కూర్చుండబెట్టి తానే లాగుకొనిపోవును. విడిచిన పాంకోడు వానలో తడిసి, మంచున గప్పబడి, తుదకు ఏటిలో కొట్టుకొనిపోవును. కాలము గడచెనని తెలుపుటకు వేరొక మాట యక్కరలేకపోయినది.

విద్యతోపాటు గర్వమును వచ్చినది. సాన్షిరో వీధిలో జనులతో కలహించి గురువుచే చీవాట్లు తినును. చచ్చుటకైనను సిద్ధమని చూపుటకు ఆలయపు కొలనులోనికి దుమికి, గుంజను పట్టుకొని రాత్రియెల్ల చలిలో నుండును. తెల్లవారుజామున కన్నులయెదుట తామర విచ్చుకొనును. మొండితనము విద్య కాదని అప్పుడు వానికి తోచును.

అయినను అసలైన పరీక్ష అటుపిమ్మటనే వచ్చును. ఒక పోటీలో వాడు విసరిన ప్రత్యర్థి గోడకు తగిలి ప్రాణము విడుచును. చచ్చినవాని కూతురు సాన్షిరోవైపు చూచిన చూపు, చూచువారి యెడదను గూడ గ్రుచ్చుకొనును. తరువాత వృద్ధుడైన మురాయ్ అను జుజుత్సు గురువుతో పోరవలసివచ్చును. ఆలయమున తన్ను తాను మరచి ప్రార్థించుచున్న యొక కన్యను చూచి సాన్షిరో ముగ్ధుడై యుండును. ఆమె మురాయ్ కూతురనియు, తండ్రి గెలుపునకే ప్రార్థించుచుండెననియు తెలియగానే వాని చేతులలో సత్తువ సడలిపోవును. ఆ సందిగ్ధమే ఈ చిత్రమునకు ప్రాణము. పోటీలో మురాయ్ పడి లేచి, మరల పడి, తుదకు ఓటమి నంగీకరించును. గాలికి గడ్డి అలలవలె లేచు మైదానమున జరుగు కడపటి పోరాటమునందు సాన్షిరోను నిలబెట్టునది కండబలము కాదు, ఆనాటి తామరపూవు తలపు.

1944లో ఈ చిత్రమును మరల ప్రదర్శించునపుడు దర్శకుని యనుమతి లేకయే 1,845 అడుగులు కత్తిరించిరి. 1952లో పునర్విడుదల చేసినపుడును ఆ భాగము దొరకలేదు. లోపించిన కథను తెరపై అక్షరములతో నింపిరి. అచ్చట ప్రేక్షకుడు పాఠకుడగును. బొమ్మ పోయినను కథను అక్షరము కాపాడినది.

గెలుపు చూడవచ్చినవాడు, ఓడినవాని కూతురిని తలచుకొనుచు ఇంటికి మరలినయెడల ఈ చిత్రము చూచిన ఫలము దక్కినట్లే.