పొగగొట్టములోని యూరియా



2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి దేశమంతట అమ్మబడుచున్న బస్సులు, లారీలు భారత్ స్టేజి 6 ప్రమాణములకు లోబడియుండవలెను. ఇట్టి బండిలో హెచ్చరిక దీపము వెలిగి నడక మందగించినంతనే "ఇంజను బాగుగనే యున్నది, చిక్కంతయు పొగగొట్టముదే, దానిలోని సరంజామా తీసివేయుదము" అను మేస్త్రీలు కలరు. ఆ మాట సరికాదని చెప్పుటకే నేడు మీ యెదుటకు వచ్చితిని.

డీజిలు ఇంజనులో మంట వేడిమి పెరిగిన మసి తగ్గును, కాని నైట్రోజను ఆక్సైడులను విషవాయువులు పెరుగును. వేడిమి తగ్గించిన మసి హెచ్చును. రెంటిని ఇంజనులోనే అణచుట కష్టము గనుక, మిగిలినదానిని పొగగొట్టములో శుద్ధిచేయుదురు. తేనెపట్టువంటి పింగాణీ వడపోత మసిని పట్టును. అది నిండినకొలది దాని ముందువెనుకల పీడనభేదము పెరుగును. ఇంజను కంప్యూటరు దానిని గ్రహించి, అదనముగ డీజిలు విడిచి, పొగవేడిమిని సుమారు 600 డిగ్రీలకు పెంచి మసిని కాల్చివేయును. ఇంజనును ఈ పని నడుమనే మాటిమాటికి ఆపినచో వడపోత పూడుకొనును. ఊరికిని బడికిని నడుమ తిరుగు బస్సులకు ఈ బాధ మెండు.

ఆక్సైడులకు మందు యూరియా ద్రావణము. డ్రైవర్లు దీనిని డెఫ్ అందురు. నూటికి 32.5 పాళ్లు యూరియా, తక్కినది లవణములు తొలగించిన నీరు. ఇది వేడిపొగలో అమ్మోనియాగ మారి, ఉత్ప్రేరకముపై ఆక్సైడులను నైట్రోజనుగను నీటియావిరిగను మార్చును. తక్కువైన విషము మిగులును, ఎక్కువైన అమ్మోనియా ఘాటు వెలువడును. అందుచే కంప్యూటరు కొలిచి చిమ్మించును.

"యూరియాయే గదా, కొట్టములో బస్తాలున్నవి" అని పొలము యూరియాను బోరునీట కలిపి పోసిన వారిని ఎరుగుదును. పొలము యూరియాకు 2015 నుండి వేపనూనె పూత తప్పనిసరి. ఆ నూనె, బోరునీటి సున్నము చిమ్ముగొట్టమును పూడ్చును, ఉత్ప్రేరకమును చెరచును. ఖరీదు యజమానికి తెలియును! పైగా రైతునకై సబ్సిడీపై వచ్చు యూరియాను ఇతర పనులకు వాడుట 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వుచే నిషిద్ధము.

వడపోతను తీసివేసినను కంప్యూటరు దానికై వెదకుచునే యుండును. అందుచే మేస్త్రీ దానినికూడ ఏమార్చవలసివచ్చును. మసి మాత్రము బస్సు వెనుక నిలిచిన పిల్లల రొమ్ములోనికి పోవును.

50 అశ్వశక్తి మించిన క్రొత్త ట్రాక్టర్లకును 2023 జనవరి 1 నుండి కఠిన ప్రమాణములు వచ్చినవి. వానిలో పెక్కింటికి మసివడపోత కలదు. మసి కాలునప్పుడు పొగగొట్టము మిక్కిలి వేడెక్కును గనుక, అట్టి ట్రాక్టరును గడ్డివాము చెంతగాని, ఎండిన చెత్తపైగాని నిలుపరాదని మీ డ్రైవరుకు ముందుగనే తెలుపుడు.