మిట్ట నేలకు గిరాకి

మావంటి రైల్వే గుమాస్తాలు పొరుగు రాష్ట్రంలో అద్దె ఇండ్లలో కాపురముండేవారు. అందుచేత దూరదేశపు అద్దె కాపురాల సంగతి ఒకటి మీకు మనవి చేయదలచినాము.

అమెరికాలో ఫ్లోరిడా దక్షిణపు కొసన మయామీ నగరమున్నది. 1896లో హెన్రీ ఫ్లాగ్లర్ అనే ధనికుడు అక్కడికి రైలు తెచ్చినాడు. రైలుకట్ట ఎట్టి చోట వేస్తారో మాకు ఒకరు చెప్పనక్కరలేదు. నీరు నిలవని మిట్టమీదనే. సముద్రపుటొడ్డు కలవారు తీసుకున్నారు. పొగా చప్పుడూ పడే పట్టాల పక్క, కట్ట వేసిన నల్లజాతి కూలీలకు మిగిలినది. ఓవర్‌టౌన్ పేట అట్లా ఏర్పడినదే. తరువాతి కాలంలో హైతీ దేశంనుంచి వలస వచ్చినవారు ఆ మిట్టమీదనే మరికొంత ఉత్తరాన లిటిల్ హైతీ కట్టుకున్నారు. అంగళ్ళలో తమ భాష, ప్రార్థనలో తమ పాట. మనకు తెలియని ముచ్చట కాదు.

ఇప్పుడు భూమి వేడెక్కి సముద్రమట్టం పెరుగుతున్నది. ఆ ఊరి అడుగున ఉన్నది చిల్లుల సున్నపురాయి. గోడ కట్టినా నీరు కిందినుంచి ఊరుతుంది. పెద్ద పోటు రోజున, ఆకాశాన మబ్బు తునక లేకపోయినా, ఎదుటి దీవిమీది మయామీ బీచిలో మురుగు తూముల గుండా ఉప్పునీరు వీధికెక్కుతుంది. ఆ బీచి ఎత్తు సగటున సుమారు 4 అడుగులు. లిటిల్ హైతీ దాదాపు 10. ఈ ఆరడుగులకే గిరాకి! 1971 నుంచి ఇండ్ల ధరలు తరచి చూసిన హార్వర్డు పరిశోధకులు, చాలాచోట్ల మిట్ట ఇండ్ల ధరే వేగంగా పెరిగినదని 2018లో తేల్చినారు. 2019లో లిటిల్ హైతీలో సుమారు 17 ఎకరాల మేడల పథకానికి నగరపాలకులు అనుమతించినారు. పేట బాగుకు 3 కోట్ల 10 లక్షల డాలర్లు ఇస్తామని కట్టేవారు ఒప్పుకున్నారు. అంతా సముద్రం పనే అనడం మాకు సమ్మతం కాదు. నేల చవుక, నగరం నడిబొడ్డుకు దగ్గర, అవీ కారణాలే. ఏమైనా, అమ్ముకున్న ఆసామికి డబ్బు చేతికి వస్తుంది. అద్దెకున్నవానికి ఖాళీ చేయమన్న కాగితం వస్తుంది. ఆ పేటలో అద్దెవారే ఎక్కువ.

చెన్నపట్నంలో తీరు వేరు. 2015 వరదల తరువాత నదీతీరపు పేదలను అనేకులను ఊరికి దక్షిణాన పెరుంబాక్కంలో, పళ్ళికరణై చిత్తడి నేల పక్కన కట్టిన మేడలకు తరలించినారు. అక్కడ మిట్టనుంచి దింపుతున్నారు, ఇక్కడ పల్లంనుంచి పల్లానికే. వారు కూలికి పోయే వీధులు మాత్రం పట్నం నడుమనే ఉండిపోయినవి.